ఎస్ప్రెసో మిశ్రమాల తులనాత్మక రుచిపరీక్ష: గింజ, నీరు, యంత్రం, నాలుక

నిర్వచనం

మెత్తగా పొడిచేసిన కాఫీని లోహపు గిన్నెలో సమంగా అదిమి, ఆ పొర గుండా వేడినీటిని అధిక పీడనంతో అల్పకాలంలో నడిపించినప్పుడు లభించే గాఢ పానీయానికి ఎస్ప్రెసో అని పేరు. 1998లో ఏర్పడిన ఇటలీ జాతీయ ఎస్ప్రెసో సంస్థ దీనికి కొలతలతో కూడిన ప్రమాణాన్ని నిర్దేశించింది. దాని ప్రకారం పొడి సుమారు 7 గ్రాములు, నీటి పీడనం 9 బార్లు, యంత్రం నుంచి వెలువడే నీటి ఉష్ణోగ్రత 88 డిగ్రీల సెల్సియస్, పానీయం దిగే కాలం 25 సెకన్లు, నురగతో సహా పానీయ పరిమాణం 25 మిల్లీలీటర్లు. ప్రతి అంకెకూ ఇరువైపులా కొద్దిపాటి సడలింపు ఉంది. మన ఇళ్లలోని స్టీలు ఫిల్టరులో పది సెంటీమీటర్ల నీటి మట్టం కలిగించే పీడనం ఒక బారులో దాదాపు నూరో వంతు. ఎస్ప్రెసో పీడనం దానికి సుమారు 900 రెట్లు. అంత మెత్తని పొడి గుండా అరనిమిషంలోనే పానీయం దిగడం ఈ పీడనం వల్లనే సాధ్యమవుతున్నది.

వేర్వేరు జాతుల, వేర్వేరు ప్రాంతాల, లేదా వేర్వేరు వేపుళ్ల గింజలను నిర్ణీత నిష్పత్తిలో కలిపినది మిశ్రమం. కర్నూలు జిల్లాలోని హాలహర్విలోనో, ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో ఒక ఇంట్లో రెండు మిశ్రమాలను తమ యంత్రంపై తీసి రుచి చూసి, వాటిలో ఒకటి మేలైనదని తేల్చారనుకుందాం. ఆ తీర్పు నిజానికి దేనిని గురించినదో విచారించడమే ఈ వ్యాసపు ఉద్దేశం. కప్పులోని రుచి మిశ్రమం, నీరు, యంత్రం, ఆస్వాదకుడు అనే నాలుగు అంశాల సంయోగ ఫలితం. ఈ నాలుగింటి పాత్రను విడివిడిగా గుర్తించగలిగినవారే మిశ్రమాన్ని గురించి నమ్మదగిన మాట చెప్పగలరు.

నిష్కర్షణ సూత్రం

ఘనపదార్థంలో కరిగే అంశాలను ద్రవం సాయంతో వేరుచేసే ప్రక్రియను నిష్కర్షణ అంటారు. వేయించిన కాఫీ బరువులో సుమారు 30 శాతం వరకు నీటిలో కరగగలదు; అయితే కరగగలిగినదంతా కోరదగినది కాదు. పులుపునిచ్చే ఆమ్లాలు ముందుగా, సులభంగా కరుగుతాయి. చేదు, వగరు కలిగించే పదార్థాలలో పలు బరువైన అణువులు నెమ్మదిగా బయటపడతాయి. అందువల్ల నిష్కర్షణ తక్కువైతే పానీయం పుల్లగా, పలచగా తోస్తుంది. మితిమీరితే చేదుగా, నాలుకను పట్టేసేదిగా మారుతుంది. 1950ల నాటి అమెరికా రసాయనవేత్త ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అధ్యయనాల నుంచి పొడి బరువులో 18 నుంచి 22 శాతం వరకు కరగడం మేలైన పరిధిగా స్థిరపడింది.

ఇక్కడ రెండు భావనలను వేరుచేసి గ్రహించాలి. పానీయంలో కరిగి ఉన్న ఘనపదార్థాల శాతం గాఢత; పొడిలో నుంచి ఎంత శాతం బయటికి వచ్చిందన్నది నిష్కర్షణ శాతం. పానీయం బరువును గాఢతతో హెచ్చించి, పొడి బరువుతో భాగిస్తే నిష్కర్షణ శాతం వస్తుంది. 18 గ్రాముల పొడి నుంచి 36 గ్రాముల పానీయం దిగి, దాని గాఢత 10 శాతమైతే, కరిగినది 3.6 గ్రాములు, నిష్కర్షణ 20 శాతం. అదే పొడి నుంచి 24 గ్రాములే దించి గాఢత 12 శాతమని తేలితే, కరిగినది 2.88 గ్రాములు, నిష్కర్షణ 16 శాతం. రెండవ పానీయం మొదటిదానికంటే చిక్కనిది, కాని నిష్కర్షణలో వెనుకబడినది. చిక్కగా ఉన్నదానిని బాగా దిగినదిగా భావించడం ఇంటి పరీక్షలలో తరచు జరిగే పొరపాటు.

పొర గుండా నీటి ప్రవాహాన్ని నియంత్రించేది ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించిన నియమం. సచ్ఛిద్రమైన పొర గుండా ప్రవాహరేటు పీడనభేదానికీ, పొర వైశాల్యానికీ, దాని పారగమ్యతకూ అనులోమంగా, పొర మందానికీ, ద్రవ స్నిగ్ధతకూ విలోమంగా ఉంటుంది. పారగమ్యత రేణువు వ్యాసపు వర్గాన్ని అనుసరించి మారుతుంది గనుక, పొడి మెత్తదనంలో కంటికి ఆనని భేదం కూడా పానీయం దిగే కాలాన్ని గణనీయంగా మారుస్తుంది. మిక్సీ బ్లేడులతో కొట్టిన పొడిలో ధూళీ, రవ్వా కలగలిసి ఉంటాయి. నీరు రవ్వ ఉన్న చోటనే దారి చేసుకొని పోగా, ఆ దారిలోని పొడి అతిగానూ మిగిలినది కొరవగానూ కరుగుతుంది. అందుచేత రెండు మిశ్రమాల పోలికకు ముందు, రేణువులను సమంగా తీసే తిరగలి పళ్ల గ్రైండరు అవసరం.

యంత్రాల వర్గీకరణ

ఇంటి యంత్రాలను మూడు ప్రాతిపదికలపై వర్గీకరించవచ్చు. మొదటిది పీడనాన్ని పుట్టించే విధానం. ట్యూరిన్ నగరంలో ఆంజెలో మొరియోండో 1884లోనూ, మిలాన్‌లో లూయిజీ బెజెరా 1901లోనూ పేటెంటు పొందిన తొలి యంత్రాలు ఆవిరి పీడనంపై ఆధారపడ్డాయి; ఆ పద్ధతిలో పీడనం ఒకటిన్నర బార్ల ప్రాంతాన్ని మించలేదు. నేటికీ అంగళ్లలో చవకగా దొరికే పంపులేని చిన్న యంత్రాలు, ఆల్ఫాన్సో బియాలెట్టి 1933లో ప్రవేశపెట్టిన మోకా పాత్ర ఈ వర్గానివే. వీటి పానీయం గాఢమైనదే గాని, పై నిర్వచనం ప్రకారం ఎస్ప్రెసో కాదు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అకిల్లె గాజియా వ్యాప్తిలోకి తెచ్చిన మీట యంత్రాలలో స్ప్రింగుగాని, చేతి బలంగాని పీడనమిస్తుంది. 1961లో వెలువడిన ఫాయెమా ఇ-61 నమూనా విద్యుత్ పంపును స్థిరపరచింది. నేటి గృహయంత్రాలలో అధికభాగం కంపన పంపుతో పనిచేస్తాయి. పెట్టెలపై కనిపించే 15 బార్ల అంకె ఆ పంపు గరిష్ఠ సామర్థ్యమే గాని, పొడిపై పనిచేసే పీడనం కాదు.

రెండవ ప్రాతిపదిక వేడిచేసే విధానం. ఒకే బాయిలరు గలవి, ఉష్ణవినిమయ నాళం గలవి, జంట బాయిలర్లు గలవి, సన్నని లోహమార్గంలో నీటిని ప్రవహింపజేస్తూ తక్షణం వేడెక్కించేవి అని ఇవి నాలుగు విధాలు. వీటిలో జంట బాయిలర్ల యంత్రం ఉష్ణోగ్రతను ఎక్కువ స్థిరంగా నిలుపుతుంది. తక్షణ తాపకం గలది త్వరగా సిద్ధమైనా, మొదటి కప్పుకూ మూడవ కప్పుకూ ఉష్ణోగ్రతలో తేడా చూపవచ్చు. మూడవ ప్రాతిపదిక జల్లెడ గిన్నె. ఒంటి గోడ గిన్నెలో నిరోధమంతా పొడి పొరదే. జంట గోడ గిన్నెలో నీరు చివరికి ఒకే సన్నని రంధ్రం గుండా రావలసి ఉండడం వల్ల నిరోధం గిన్నెదవుతుంది. ఈ రెండవ రకం, పాతబడిన పొడికి కూడా పైకి చక్కని నురగ తెస్తుంది. తాజా మిశ్రమానికీ, నెలల క్రితపు మిశ్రమానికీ గల భేదాన్ని కప్పివేస్తుంది గనుక, నిత్యోపయోగానికి అది ఎంత అనుకూలమో పరీక్షకు అంత ప్రతికూలం.

విద్యుత్ సరఫరా కూడా యంత్రంలో భాగమనే గ్రహించాలి. నిరోధక తాపకం ఇచ్చే శక్తి ఓల్టేజి వర్గానికి అనులోమం. 230 ఓల్టులు 207కు పడిపోతే ఓల్టేజిలో తగ్గుదల 10 శాతమే అయినా, వేడిచేసే సామర్థ్యం 19 శాతం తగ్గుతుంది. వేసవి సాయంత్రం ఓల్టేజి తగ్గిన వేళ తీసిన ఒక మిశ్రమాన్ని, తెల్లవారుజామున తీసిన మరొక మిశ్రమంతో పోల్చడం యుక్తం కాదు. ఆదోని సముద్రమట్టానికి సుమారు 435 మీటర్ల ఎత్తున ఉన్నందున అక్కడ తెరచిన పాత్రలో నీరు 98.5 డిగ్రీల ప్రాంతంలోనే మరుగుతుంది. కెటిలుతో నీరు పోసే చేతి మీట యంత్రాలలో, చల్లని లోహం లాగుకొనే వేడిని లెక్కలోకి తీసుకొని, ముందుగా యంత్రాన్ని వేడినీటితో కడగాలి.

నీటి కాఠిన్యం

కప్పు ఎస్ప్రెసోలో పది భాగాలకు సుమారు తొమ్మిది భాగాలు నీరే. నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల పరిమాణాన్ని కాఠిన్యమనీ, ఆమ్లాన్ని తటస్థీకరించే సామర్థ్యాన్ని క్షారత అనీ అంటారు. క్షారతకు ప్రధాన కారణం బైకార్బొనేటు. కాల్షియం, మెగ్నీషియం అయానులు నిష్కర్షణకు సాయపడతాయి. బైకార్బొనేటు అధికమైతే కాఫీలోని ఆమ్లాలను తటస్థీకరించి, పళ్ల వంటి ప్రకాశవంతమైన పులుపును మట్టుపెడుతుంది. పైగా కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి, కార్బొనేటు రూపంలో బాయిలరు గోడలపై తెల్లని గారగా పేరుకొంటుంది. గార లోహమంతటి ఉష్ణవాహకం కాదు గనుక తాపకం శ్రమ పెరుగుతుంది.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఈ అంశానికి విశేష ప్రాధాన్యం ఉంది. వర్షపాతం తక్కువైన ఈ సీమలో గ్రానైటు, నైస్ శిలల పగుళ్లలో నిలిచే బోరునీటిలో లవణాలు అధికంగా ఉండడం సాధారణం. కొన్ని చోట్ల ఫ్లోరైడు కూడా పరిమితిని దాటుతుంది. తుంగభద్ర దిగువ కాలువ ద్వారా వచ్చే నీరు సాధారణంగా బోరునీటి కంటే మృదువైనది. శుద్ధియంత్రాల కేంద్రాల నుంచి ఇరవై లీటర్ల క్యాన్లలో వచ్చే నీటిలో లవణాలు దాదాపు తొలగిపోయి ఉంటాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 కాఠిన్యాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు వాంఛనీయంగానూ, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతించదగినదిగానూ పేర్కొంటుంది. కాఫీకి అంతర్జాతీయ నిపుణుల సంఘాలు సూచించే పరిధి సుమారు 50 నుంచి 175. అంటే తాగడానికి యోగ్యమైన నీరు కాఫీ పరీక్షకు యోగ్యం కాకపోవచ్చు.

పరిష్కారం సులభమైన గణితంలో ఉంది. బోరునీటి కాఠిన్యం 500, శుద్ధినీటిది 20 అనుకొంటే, 100 కాఠిన్యం గల నీరు కావాలంటే బోరునీరు ఆరింట ఒక భాగం, శుద్ధినీరు ఐదు భాగాలు కలపాలి. ఫ్లోరైడు, క్లోరైడు ఎంతో ముందుగా పరీక్షించి తెలుసుకొన్న బోరునీటినే ఇందుకు వాడాలి. పేరుకొన్న గారను సిట్రిక్ ఆమ్లపు పలుచని ద్రావణంతో, యంత్ర తయారీదారు సూచించిన క్రమంలో తొలగించి, తరువాత పలుమార్లు మంచినీటితో కడగాలి.

మిశ్రమాల స్వభావం

వాణిజ్య ప్రాధాన్యం గల కాఫీ జాతులు రెండు. అరబికాలో క్రోమోజోములు 44, కెఫీను సుమారు 1.2 శాతం, చక్కెరలు అధికం, పులుపు, పరిమళం ప్రధానం. రోబస్టా అనబడే కెనెఫొరాలో క్రోమోజోములు 22, కెఫీను సుమారు 2.2 శాతం, చేదు, చిక్కదనం ప్రధానం, నురగ దట్టం. ఎస్ప్రెసో మిశ్రమకారులు అరబికా పరిమళానికి రోబస్టా నురగనూ బలాన్నీ జోడించడం పరిపాటి. నురగకు మూలం వేపుడులో పుట్టి గింజలో చిక్కుకొన్న కార్బన్ డయాక్సైడు. పీడనం కింద నీటిలో కరిగిన ఈ వాయువు, కప్పులో పీడనం తొలగగానే బుడగలై వెలువడుతుంది. వేయించిన మరునాడే తీస్తే వాయువు మితిమీరి ప్రవాహాన్ని చెదరగొడుతుంది. నెలలు గడిస్తే వాయువూ, పరిమళమూ రెండూ పోతాయి. వేపుడు తరువాత ఒకటి రెండు వారాల నడుమ పరీక్షించడం మేలు. నలభై డిగ్రీలు దాటే వేసవిలో గింజలను గాలి చొరని డబ్బాలో, ఇంట్లో చల్లని చోట ఉంచాలి.

పోలికకు ఆంధ్రదేశపు గింజనే తీసుకోవచ్చు. తూర్పు కనుమలలో కాఫీ సాగు 1898లో పాములేరు లోయలో మొదలైందని చెబుతారు. నేడు అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, మిరియపు తీగల నడుమ దానిని పండిస్తున్నారు. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. కేవలం అరకు అరబికా ఒక వైపు, అరకు అరబికాకు కర్ణాటక రోబస్టాను మూడో వంతు కలిపినది మరొక వైపు ఉంచితే, జాతిభేద ప్రభావాన్ని పరిశీలించడానికి చక్కని జంట అవుతుంది.

ఫిల్టరు పొడులలో సాధారణమైన చికోరీని ఈ పరీక్ష నుంచి వేరుచేయాలి. అది కాఫీ గింజ కాదు, కాసని జాతి మొక్క వేరు, కెఫీను లేనిది. భారతీయ ఆహార నియమాల ప్రకారం కాఫీ–చికోరీ పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, నిష్పత్తి పొట్లంపై ముద్రించాలి. చికోరీ నీటిలో కాఫీ కంటే చాలా అధికంగా కరుగుతుంది గనుక గాఢత కొలతను తప్పుదారి పట్టిస్తుంది. నీటికి ఉబ్బి ఎస్ప్రెసో జల్లెడను మూసివేయవచ్చు. ఫిల్టరులో గుణమైనది ఇక్కడ దోషమవుతుంది.

ఆస్వాదన అంశాలు

ఆదోని మార్కెట్ యార్డులో పత్తిని పరిశీలించేవారు పింజ పొడవునూ, రంగునూ, తేమనూ వేర్వేరుగా చూసి ధర కట్టినట్లు, కాఫీ రుచిని కూడా గుణాలుగా విడదీసి అంచనా కట్టాలి. పులుపు, తీపి, చేదు నాలుకపై గ్రాహకాలు గుర్తించే రుచులు. పరిమళం మింగే సమయంలో గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరే ఆవిరుల వల్ల తెలుస్తుంది. జలుబు చేసిన రోజున పరీక్ష వాయిదా వేయవలసింది ఇందుకే. చిక్కదనం నోటికి తెలిసే బరువు. వగరు లాలాజలంలోని ప్రొటీన్లను కొన్ని ఫినాలిక్ పదార్థాలు బంధించడం వల్ల కలిగే స్పర్శానుభూతి. దానిని చేదుగా నమోదు చేయరాదు. మింగిన తరువాత నిలిచేది అనంతర రుచి. ఈ ఏడింటికీ పదేసి మార్కుల చొప్పున వేసి, కప్పు వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, గోరువెచ్చనైన తరువాత మరొకసారి నమోదు చేయాలి. దోషాలు గోరువెచ్చని కప్పులోనే స్పష్టపడతాయి.

ప్రయోగ నిర్మాణం

రుచిపరీక్షకు గణితబద్ధమైన రూపమిచ్చినవారు రొనాల్డ్ ఫిషర్. పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా రుచిని బట్టి చెప్పగలనన్న మ్యూరియెల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త మాటను పరీక్షించిన ఉదంతం ఆధారంగా, ఎనిమిది కప్పుల ప్రయోగాన్ని ఆయన 1935లో తన గ్రంథంలో వివరించారు. ఎనిమిదింటిలో నాలుగింటిని ఎంచే విధాలు 70. కేవలం ఊహతో అన్నీ సరిగా చెప్పే సంభావ్యత 70లో ఒకటి. ఫిషర్ వద్ద కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసిన సి.ఆర్. రావు 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. హడగలి నాటి బళ్ళారి జిల్లాలోనిది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడే వరకు హాలహర్విని కలుపుకొన్న ఆలూరు తాలూకా, ఆదోని తాలూకా కూడా ఆ జిల్లాలోనివే. అనేక అంశాలను తక్కువ ప్రయోగాలతో పరీక్షించే లంబకోణీయ విన్యాసాలను 1940లలో ప్రతిపాదించినవారు రావే.

ఇంటి పరీక్ష రెండు దశలుగా సాగాలి. మొదటిది భేదం ఉన్నదా అని నిర్ణయించే త్రికోణ పరీక్ష. మూడు కప్పులలో రెండింట ఒక మిశ్రమం, ఒకదానిలో మరొకటి పోసి, వేరైనది ఏదో చెప్పమనాలి. పోసే వ్యక్తి, రుచి చూసే వ్యక్తి వేరువేరుగా ఉండాలి. క్రమాన్ని చీటీలు తీసి నిర్ణయించాలి. ఊహతో సరిగా చెప్పే అవకాశం మూడింట ఒకటి. ఆరు విడతలలో నాలుగు సరైనా, ఊహతోనే అంతటి ఫలితం రాగల సంభావ్యత 10 శాతం. ఐదు లేదా ఆరు సరైతేనే అది 1.8 శాతానికి దిగుతుంది. కనుక ఆరింట ఐదు సరైనప్పుడే భేదం ఉన్నదని నమ్మాలి. అంతకు తగ్గితే భేదం లేదని కాదు, ఈ పరీక్షలో అది రుజువు కాలేదని మాత్రమే అర్థం.

రెండవ దశ యంత్రాల పోలిక. రెండు మిశ్రమాలను రెండు యంత్రాలపై, ఒకే నీటితో తీస్తే నాలుగు సంయోగాలు వస్తాయి. మీట యంత్రంపై మొదటి మిశ్రమానికి 8, రెండవదానికి 6 మార్కులు, జంట గోడ గిన్నె గల యంత్రంపై వరుసగా 5, 6 వచ్చాయనుకుందాం. మొదటి యంత్రం ప్రకారం మొదటి మిశ్రమం రెండు మార్కులు మేలు, రెండవదాని ప్రకారం ఒక మార్కు తక్కువ. ఇట్టి స్థితిని పరస్పర ప్రభావం అంటారు. సగటు తీసి మొదటి మిశ్రమమే అరమార్కు మేలని ప్రకటిస్తే, నిజంలో ముఖ్యమైన భాగం చేజారిపోతుంది. నీటిని మూడవ అంశంగా చేరిస్తే సంయోగాలు ఎనిమిది. లంబకోణీయ విన్యాసంతో వాటిని నాలుగుకు తగ్గించవచ్చు. కాని అప్పుడు ఏ రెండు అంశాల పరస్పర ప్రభావమైనా మూడవ అంశపు ప్రభావంతో కలిసిపోతుంది. పరస్పర ప్రభావమే ప్రధాన ప్రశ్న అయిన చోట ఎనిమిదింటినీ, రోజుల మధ్య పంచుకొని, పూర్తిచేయడం తగిన మార్గం.

అనువర్తనం

ఆచరణలో ఈ క్రమం పాటించదగినది. నీటిని ముందుగా సిద్ధం చేసి, పరీక్ష ముగిసే వరకు అదే వాడాలి. యంత్రాన్ని ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి, ఓల్టేజి స్థిరంగా ఉన్న వేళ ఎంచుకోవాలి. పొడిని, పానీయాన్ని పదో వంతు గ్రాము చూపే త్రాసుపై తూచాలి. ప్రతి మిశ్రమానికీ గ్రైండరును విడిగా సరిచేసి, 18 గ్రాముల నుంచి 36 గ్రాములు 25 నుంచి 30 సెకన్లలో దిగేట్లు చూడాలి. ఒకే మెత్తదనంలో ఉంచి పోల్చితే, ముదురు వేపుడుకూ లేత వేపుడుకూ న్యాయం జరగదు. కప్పుల నడుమ గోరువెచ్చని నీటితో నోరు పుక్కిలించాలి. పాలతో తాగే ఇళ్లలో పాలు లేని పరీక్ష ముగిసిన తరువాతే పాలతో పరీక్షించాలి. పాలలోని కేసీను వగరు కలిగించే పదార్థాలను బంధించి మరుగుపరుస్తుంది, వెన్న అధికంగా గల గేదెపాలు పులుపును మరింత అణచుతాయి. పాలు లేకుండా గెలిచిన లేత అరకు మిశ్రమం పాలలో ఓడిపోవడం, రోబస్టా కలిసిన మిశ్రమం పాలలో నిలబడడం ఈ కారణంగా సంభవమే.

ఈ విచారణ నుంచి తేలే గృహార్థశాస్త్రం కూడా ఉంది. రుచిపై ప్రభావాన్ని బట్టి ఖర్చుకు క్రమం నిర్ణయిస్తే, మొదటిది తగిన నీరు, రెండవది తాజా గింజ, మూడవది సమరేణువుల గ్రైండరు, నాలుగవది యంత్రం. సామాన్యంగా కొనుగోలు దీనికి తలకిందులుగా సాగుతుంది. బోరునీటితో, మిక్సీ పొడితో ఖరీదైన యంత్రంపై తీసిన తీర్పు కంటే, కలిపి సరిచేసిన నీటితో, మంచి గ్రైండరుతో, సామాన్యమైన మీట యంత్రంపై వచ్చిన తీర్పు మిశ్రమాన్ని గురించి ఎక్కువ నిజం చెబుతుంది. ఆ తీర్పును నమోదు చేసేటప్పుడు మిశ్రమం పేరు పక్కన నీటి కాఠిన్యం, యంత్రం, గిన్నె రకం, వేపుడు తేది, పాలు ఉన్నవా లేవా అన్న వివరాలు తప్పక రాయాలి. అప్పుడే ఆదోనిలో ఒకరు తేల్చిన ఫలితాన్ని ఎమ్మిగనూరులో మరొకరు సరిచూడగలరు, సరిచూసి కాదనగలరు కూడా.